రెఫరెన్సులు ఏ స్టైల్‌లో, ఏ టూల్‌తో? జర్నల్‌కి పేపర్ పంపేవాళ్ళ కోసం ఒక పోలిక

నా మొదటి పేపర్‌లో 62 రెఫరెన్సులు ఉండేవి. అన్నీ చేత్తో టైప్ చేసుకున్నవే. మొదట పంపిన జర్నల్ నంబర్ల పద్ధతి అడిగింది కాబట్టి 1 నుంచి 62 దాకా నంబర్లు వేసుకున్నాను. అక్కడి నుంచి పేపర్ తిరిగొచ్చింది. రెండో జర్నల్‌కి రచయిత పేరు, సంవత్సరం కావాలి. నంబర్లన్నీ తీసేసి ఒక్కొక్క చోటా పేర్లు పెట్టుకుంటూ మూడు రాత్రులు కూర్చున్నాను. రెండు నెలల తర్వాత రివ్యూ వచ్చింది. అందులో ఒక మాట ఇప్పటికీ గుర్తుంది. ఫలానా వాక్యానికి మీరు చూపించిన పేపర్ తీసి చదివాను, ఆ విషయం అందులో లేదు అని. నిజంగానే లేదు. మొదటి జర్నల్‌కి పంపే ముందు ఒక పేరా కొట్టేసి, దానితో పాటు 22వ రెఫరెన్సు కూడా తీసేశాను. లిస్టులో కిందవన్నీ ఒక్కో నంబరు పైకి జరిగాయి. టెక్స్ట్‌లో మాత్రం ఒక చోట పాత 23 అలాగే ఉండిపోయింది. తర్వాత పేర్లు పెట్టేటప్పుడు ఆ 23ని నమ్మి, ఆ మాటతో ఏ సంబంధమూ లేని మనిషి పేరు అక్కడ రాశాను.

కామా, ఫుల్‌స్టాప్ తప్పయితే ఎవరైనా దిద్దుతారు. ఇక్కడ మనం చెప్పిన మాటకీ, చూపించిన ఆధారానికీ మధ్య ముడే తెగిపోయింది. అందుకే స్కాలర్లు వచ్చి ఏ స్టైల్ మంచిదండీ అని అడిగితే, నేను ఆ ప్రశ్నని మూడు ముక్కలు చేసి చెప్తాను. స్టైల్ ఎవరు నిర్ణయిస్తారు? రెఫరెన్సులు ఎందులో దాచుకోవాలి? దాచుకున్న వివరాలు ఎంతవరకు సరైనవి? మొదటిది చాలాసార్లు మన చేతిలో ఉండదు. మిగతా రెండూ పూర్తిగా మనవే. టైమ్ పెట్టాల్సింది వాటి మీదే.

స్టైల్ ఎవరి చేతిలో ఉంది

జర్నల్ వెబ్‌సైట్‌లో ఆథర్ గైడ్‌లైన్స్ పేజీ ఉంటుంది. అందులో రెఫరెన్సుల భాగం చదవండి. అక్కడితో ఆగకుండా, అదే జర్నల్‌లో ఈ మధ్య వచ్చిన రెండు ఆర్టికల్స్ డౌన్‌లోడ్ చేసి చివరి పేజీలు చూడండి. గైడ్‌లైన్స్ పేజీ ఎప్పుడో రాసిందై ఉండొచ్చు. పుస్తకానికి ఉదాహరణ ఇచ్చి, ప్రభుత్వ నివేదికకి ఇవ్వకపోవచ్చు. అచ్చయిన ఆర్టికల్ అయితే ఆ జర్నల్ ఇవాళ ఏం చేస్తోందో చూపిస్తుంది. మాది హార్వర్డ్ స్టైల్ అని రాసుకునే జర్నళ్ళ విషయంలో ఈ పని తప్పనిసరి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైల్‌కి, షికాగో స్టైల్‌కి ఉన్నట్టు హార్వర్డ్ పద్ధతికి ఒకే అధికారిక మాన్యువల్ అంటూ లేదు. 1881లో హార్వర్డ్‌లో పనిచేసే జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ తన వ్యాసంలో రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్‌లో పెట్టి చూపించారు. ఆ పద్ధతికి ఆ యూనివర్సిటీ పేరు అలా అతుక్కుంది. అందుకే ఒక్కో పబ్లిషర్ హార్వర్డ్ ఒక్కోలా ఉంటుంది.

చాలామంది స్కాలర్లకి ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఎల్సెవియర్ వేసే జర్నళ్ళలో చాలావాటికి మొదటి సబ్మిషన్‌లో ఫలానా స్టైలే ఉండాలన్న పట్టింపు లేదు. దాన్ని వాళ్ళు 'యువర్ పేపర్ యువర్ వే' అంటారు. టేలర్ అండ్ ఫ్రాన్సిస్‌లో ఫార్మాట్ ఫ్రీ అంటారు, వైలీలో ఫ్రీ ఫార్మాట్ అంటారు. ఇది ఆ సంస్థల అన్ని జర్నళ్ళకీ వర్తించదు. మీ జర్నల్ గైడ్‌లైన్స్‌లో ఆ మాట ఉందో లేదో వెతుక్కోండి. ఉంటే మాత్రం, ఆ వారం రోజులు కామాల కోసం కాకుండా డిస్కషన్ సెక్షన్ కోసం వాడుకోండి. పేర్లు, టైటిల్, జర్నల్, సంవత్సరం, వాల్యూమ్, పేజీలు, డీఓఐ (పేపర్‌కి ఆన్‌లైన్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) పూర్తిగా ఉండి, మొదటి ఎంట్రీ నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే సరిపోతుంది. ఈ 'ఒకేలా' అన్నదే అసలు విషయం. ఒకే లిస్టులో మూడు రకాల రూపాలు కనిపిస్తే, ఇవి మూడు చోట్ల నుంచి కాపీ పేస్ట్ చేసినవని ఎడిటర్‌కి మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

ఒకే పేపర్, నాలుగు వేషాలు

తేడాలు మాటల్లో చెప్తే తలకెక్కవు. మనందరికీ తెలిసిన ఒక పేపర్ తీసుకుందాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి మీద రాసిన వ్యాసం. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఫిస్కే–సుబ్బారావు మెథడ్ అని ఇప్పటికీ చెప్పేది దీన్నే. వరస, చుక్కలు, కామాలు చూడండి. ఇంగ్లిష్ ఎంట్రీని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను.

టెక్స్ట్‌లో నంబర్లు వాడే వాంకూవర్ పద్ధతిలో ఇలా ఉంటుంది: ఫిస్కే సీహెచ్, సుబ్బారావ్ వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66(2):375-400. ఇనీషియల్స్ మధ్య చుక్కల్లేవు. జర్నల్ పేరు కుదించి ఉంది. సెమికోలన్, కోలన్ పక్కన ఖాళీ కూడా లేదు. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో మెడికల్ జర్నళ్ళ ఎడిటర్లు సమావేశమై, రచయితలు ప్రతి జర్నల్‌కీ పేపర్‌ని మళ్ళీ మళ్ళీ మార్చి టైప్ చేసే బాధ తప్పించాలని మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఏపీఏలో: ఫిస్కే, సి. హెచ్., & సుబ్బారావ్, వై. (1925). ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66(2), 375–400. జర్నల్ పూర్తి పేరు, వాల్యూమ్ ఇటాలిక్స్‌లో. సంవత్సరం ముందుకొచ్చి పేర్ల పక్కన కూర్చుంది. టెక్స్ట్‌లో కూడా పేర్లు, సంవత్సరమే కనిపిస్తాయి కాబట్టి, చదివేవాళ్ళు లిస్టులో వెతికేది వాటినే.

ఇంజనీర్ల సంస్థ ఐ ట్రిపుల్ ఈ స్టైల్‌లో: సి. హెచ్. ఫిస్కే అండ్ వై. సుబ్బారావ్, "ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్," జె. బయోల్. కెమ్., వాల్యూమ్ 66, నం. 2, పీపీ. 375–400, 1925. ఇనీషియల్స్ ముందు, సర్‌నేమ్ తర్వాత. టెక్స్ట్‌లో స్క్వేర్ బ్రాకెట్‌లో నంబరు వస్తుంది.

షికాగో ఫుట్‌నోట్‌లో: సైరస్ హెచ్. ఫిస్కే అండ్ యల్లాప్రగడ సుబ్బారావ్ అని పూర్తి పేర్లు, కొటేషన్లలో టైటిల్, జర్నల్ పేరు, 66, నం. 2 (1925): ఆపైన మీరు ఆధారపడిన పేజీ. వ్యాసం మొత్తం ఏ పేజీల్లో ఉందో చివరి బిబ్లియోగ్రఫీలో వస్తుంది. షికాగోలోనే రచయిత–సంవత్సరం పద్ధతి కూడా విడిగా ఉంది. జర్నల్ కేవలం షికాగో అని రాస్తే రెండింటిలో ఏదో కనుక్కోండి.

నాలుగింటిలోనూ ఉన్న సమాచారం దాదాపు ఒక్కటే. ఒకసారి సరిగ్గా దాచుకుంటే వేషం మార్చడం మిషన్ చేసే పని అన్నది ఇక్కడే అర్థమవుతుంది.

నంబర్లా, పేర్లా, ఫుట్‌నోట్లా

నంబర్ల పద్ధతి చోటు మిగుల్చుతుంది. ఒక వాక్యానికి ఏడు ఆధారాలుంటే 4–10 అని రాస్తే అయిపోతుంది. పేర్ల పద్ధతిలో అదే రెండు లైన్లు తింటుంది, అదీ వర్డ్ లిమిట్‌లోంచి. మెడిసిన్, కెమిస్ట్రీ, ఇంజనీరింగ్‌లో ఒక్కో వాక్యం వెనక బోలెడన్ని పేపర్లు ఉంటాయి కాబట్టి అక్కడ నంబర్లే సుఖం. పేర్ల పద్ధతిలో చదివేవాళ్ళకి ప్రతి చోటా కొంత సమాచారం అందుతుంది. 1925 అని కనిపించగానే ఇది వందేళ్ళ నాటి పద్ధతి అని తెలుస్తుంది. 17 అన్న నంబరు చూస్తే ఏమీ తెలియదు. సైకాలజీ, ఎడ్యుకేషన్, సోషియాలజీలో ఎవరు, ఎప్పుడు అన్నారన్నదే వాదనలో సగం. అందుకే అక్కడ ఏపీఏ స్థిరపడింది. చరిత్రకారులకి ఆర్కైవ్‌లోని ఫైలు నంబరు, ఉత్తరం తేదీ, దాని మీద రెండు ముక్కల వ్యాఖ్య కూడా రాయాల్సి వస్తుంది. అవి బ్రాకెట్‌లో పట్టవు, ఫుట్‌నోటే దారి. సాహిత్యంలో ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) స్టైల్ ఎక్కువ. అందులో టెక్స్ట్‌లో సంవత్సరం ఉండదు, రచయిత పేరు పక్కన పేజీ నంబరు వస్తుంది.

జర్నల్ ఏదడిగినా, డ్రాఫ్ట్ మాత్రం రచయిత–సంవత్సరం పద్ధతిలోనే రాసుకోమని నా సలహా. గైడ్ గారు, కో-ఆథర్లు చదివేటప్పుడు పేరు కనిపిస్తే, అరే ఈ మాట అన్నది వీళ్ళు కాదే అని అక్కడికక్కడే పట్టుకుంటారు. నంబరు కనిపిస్తే ఎవరూ చివరికి వెళ్ళి చూడరు. నా 23వ నంబరుని నాతో పాటు ముగ్గురు చదివారు, ఒక్కరూ గమనించలేదు. నంబర్లలోకి మార్చడం పంపే రోజున చేసుకోవచ్చు.

మీకు నిజంగా ఎంచుకునే స్వేచ్ఛ ఉండేది థీసిస్‌లో, సెమినార్ పేపర్‌లో, ఎడిటెడ్ పుస్తకంలో రాసే అధ్యాయంలో. అక్కడ మీ సబ్జెక్టులో మీరు ఎక్కువగా చదివే జర్నళ్ళు ఏది వాడుతున్నాయో అదే పట్టుకోండి. రేపు ఆ అధ్యాయాలే పేపర్లవుతాయి. స్టైల్ తెలియక కంగారు పడేవాళ్ళకి మాత్రం ఏపీఏ ఏడో ఎడిషన్ చెప్తాను. 2019లో వచ్చింది, నియమాలు స్పష్టంగా ఉంటాయి, సందేహం వస్తే జవాబు సులువుగా దొరుకుతుంది. ఆరో ఎడిషన్ చూసి నేర్చుకున్న సీనియర్ల సలహాతో మాత్రం కొంచెం జాగ్రత్త. పుస్తకానికి ప్రచురణ జరిగిన ఊరి పేరు ఇప్పుడు రాయక్కర్లేదు. ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది రచయితలుంటే టెక్స్ట్‌లో మొదటిసారి నుంచే మొదటి పేరు తర్వాత ఎట్ ఆల్ (మరికొందరు అని అర్థం) వస్తుంది. లిస్టులో 20 మంది దాకా అందరి పేర్లూ రాయాలి.

టూల్ ఎంపిక

పది పదిహేను రెఫరెన్సులు, రచయిత మీరొక్కరే, ఒక్క జర్నల్‌కే పంపుతున్నారు అనుకుంటే చేత్తో టైప్ చేసినా నష్టం లేదు. అది దాటితే టూల్, అంటే రెఫరెన్సుల వివరాలు దాచుకుని అడిగిన స్టైల్‌లో పెట్టిచ్చే సాఫ్ట్‌వేర్, వాడాల్సిందే. వర్డ్‌లోనే రెఫరెన్సెస్ ట్యాబ్ ఉంది కదా అని కొందరంటారు. నేను వాడిన వర్డ్‌లో ఏపీఏ అని నొక్కితే ఆరో ఎడిషన్ వచ్చింది. జర్నళ్ళ స్టైల్స్ చాలావరకు అందులో ఉండవు. ప్రతి ఎంట్రీ చేత్తో నింపుకోవాలి. క్లాసు అసైన్‌మెంట్‌కి సరే, పేపర్‌కి వద్దు.

ఎక్కువమందికి నేను చెప్పేది జోటెరో. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారుల బృందం మొదలుపెట్టింది. ఉచితం, ఓపెన్ సోర్స్. బ్రౌజర్‌లో కనెక్టర్ పెట్టుకుంటే, ఆర్టికల్ పేజీలో ఒక్క క్లిక్‌తో వివరాలన్నీ లైబ్రరీలోకి వచ్చేస్తాయి. వర్డ్‌లో రాస్తూ యాడ్ సైటేషన్ నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఫిస్కే అని కొట్టగానే 1925 పేపర్ కనిపిస్తుంది, ఎంటర్ నొక్కితే కూర్చుంటుంది. జర్నల్ మారితే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి స్టైల్ మారుస్తారు. టెక్స్ట్‌లోని నంబర్లన్నీ పేర్లవుతాయి, చివరి లిస్టు అక్షర క్రమంలో సర్దుకుంటుంది. నేను మూడు రాత్రులు చేసిన పని ఇదే. స్టైల్స్ కూడా పదివేలకి పైగా ఉన్నాయి, జర్నల్ పేరు కొట్టి వెతుక్కోవచ్చు. లోటు చెప్పాలంటే పీడీఎఫ్‌లు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీనే. ఫైళ్ళు సొంత ల్యాప్‌టాప్‌లో ఉంచుకుని, వివరాలు మాత్రం సింక్ చేసుకుంటే ఆ పరిమితి అడ్డురాదు.

మెండెలీ కూడా ఉచితమే, చోటు 2 జీబీ ఇస్తుంది. 2013లో ఎల్సెవియర్ దాన్ని కొనుక్కుంది. 2022 సెప్టెంబరు నుంచి పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాం డౌన్‌లోడ్ ఆపేసి, మెండెలీ రెఫరెన్స్ మేనేజర్ అనే కొత్తదాన్ని పెట్టారు. ఇప్పటికే అందులో 500 పేపర్లు దాచుకుని ఉంటే పారిపోవాల్సిన పనిలేదు, అది పని చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళయితే ఏ కంపెనీ నిర్ణయం మీదా ఆధారపడని జోటెరోనే నయం అని నా అభిప్రాయం.

ఎండ్‌నోట్‌కి డబ్బు కట్టాలి. వేల కొద్దీ రికార్డులు జల్లెడ పట్టే సిస్టమాటిక్ రివ్యూలు చేసే మెడికల్ టీమ్‌లు దాన్ని ఇష్టపడతాయి. మీ యూనివర్సిటీ లైసెన్సు ఇస్తే, మీ ల్యాబ్ అంతా అదే వాడుతుంటే నిశ్చింతగా వాడండి. పీహెచ్‌డీ అయిపోయాక ఆ లైసెన్సు మీ వెంట రాకపోవచ్చు. వెళ్ళే ముందు అందులో దాచుకున్న రెఫరెన్సుల లైబ్రరీ మొత్తాన్ని ఆర్ఐఎస్ అనే రకం ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఏ టూలైనా దాన్ని చదువుతుంది.

మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళు లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాంలో రాస్తారు కాబట్టి, దానికి రెఫరెన్సులు అందించే బిబ్‌టెక్ తప్పదు. జోటెరోలో దాచుకుని బిబ్ ఫైలుగా తీసుకోవచ్చు, లేదా బిబ్ ఫైళ్ళ కోసమే ఉన్న జాబ్‌రెఫ్ అనే టూల్ వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. చాలా బిబ్‌టెక్ స్టైల్స్ టైటిల్‌లో మొదటి అక్షరం తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాలు చేసేస్తాయి. డీఎన్ఏ, కోవిడ్, ఇండియా లాంటి మాటల చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టకపోతే అవి కూడా చిన్నవైపోయి అచ్చవుతాయి.

టూల్ ఏదైనా కో-ఆథర్లందరిదీ ఒక్కటే కావాలి. ఒకే వర్డ్ ఫైల్లో మీరు జోటెరోతో, ఇంకొకరు మెండెలీతో సైటేషన్లు పెడితే ఒకదాని లెక్క ఇంకోదానికి తెలియదు. రెండూ 1 నుంచి మొదలుపెడతాయి, చివర రెండు లిస్టులు తయారవుతాయి. విడదీయడానికి ఒక పూట పడుతుంది. మొదటి రోజే ఒకరికి లైబ్రరీ బాధ్యత అప్పగించి, మిగతావాళ్ళు కామెంట్లలో డీఓఐ రాసి పెడితే ఈ టెన్షన్ ఉండదు.

మన పేర్లు, మన పుస్తకాలు

ఈ టూల్సన్నీ మనిషికి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయని అనుకుంటాయి. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, పిలిచే పేరు తర్వాతొస్తుంది. పై ఉదాహరణే మళ్ళీ చూడండి. ఆయన ఇంటిపేరు యల్లాప్రగడ. పేపర్‌లో మాత్రం సుబ్బారావు అన్నది సర్‌నేమ్ స్థానంలోకి వెళ్ళి, ఇంటిపేరు వై అనే ఇనీషియల్ అయింది. పైగా ఇంగ్లిష్‌లో ఆ పేరు చివర మనం ఇవాళ రాసేలా ఏఓ ఉండదు, ఓడబ్ల్యూ ఉంటుంది. తెలుగువాళ్ళం కాబట్టి సరిచేద్దామని యల్లాప్రగడ ఎస్ అని రాస్తే, డేటాబేస్ ఆ పేపర్‌ని గుర్తుపట్టదు, చదివేవాళ్ళకి దొరకదు. సర్‌నేమ్ స్థానంలో ఏముందో, ఏ స్పెల్లింగ్‌లో ఉందో, అచ్చులో ఉన్నది ఉన్నట్టే రాయాలి.

ఇనీషియల్స్ దగ్గర ఇంకో చిక్కు. భాషాశాస్త్రంలో భద్రిరాజు కృష్ణమూర్తి గారిని ఉదహరించని ద్రావిడ భాషల పేపర్ ఉండదు. ఆయన పేరు కొన్ని చోట్ల బి పక్కన హెచ్ కలిపి రెండక్షరాల ఇనీషియల్‌తో ఉంటుంది. 2003లో కేంబ్రిడ్జ్ వేసిన పుస్తకం మీద పూర్తి పేరు ఉంటుంది. రెండూ లైబ్రరీలో అలాగే పెడితే టూల్ వాళ్ళిద్దరూ వేరు వేరు మనుషులనుకుంటుంది. ఏపీఏలో టెక్స్ట్ మధ్య సర్‌నేమ్ ముందు అనవసరంగా ఇనీషియల్స్ వచ్చి చేరతాయి. అలా ఎక్కడైనా కనిపిస్తే కారణం ఇదే. లైబ్రరీలోకి వెళ్ళి ఆ మనిషి పేరు అన్ని ఎంట్రీల్లోనూ ఒకే రూపంలో పెట్టండి. మీ సొంత పేరు విషయంలో కూడా మొదటి పేపర్‌కే ఒక రూపం తేల్చుకుని, ఆర్కిడ్ నంబరు (పరిశోధకులకి ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకోండి. ఒక పేపర్‌లో ఇంటిపేరు ముందు, ఇంకో దాంట్లో వెనక ఉంటే మీ పేపర్లే ఇద్దరి ఖాతాల్లోకి పోతాయి.

తెలుగు పుస్తకాన్ని ఇంగ్లిష్ జర్నల్‌లో చూపించాల్సి వస్తే, ఏపీఏ పద్ధతిలో టైటిల్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కనే స్క్వేర్ బ్రాకెట్‌లో దాని అర్థం ఇస్తారు. దీర్ఘాలు, ఒత్తులు గుర్తులతో చూపించాలా వద్దా అన్నది జర్నల్‌ని బట్టి ఉంటుంది. చూపిస్తే అన్ని ఎంట్రీల్లోనూ చూపించాలి. తెలుగు జర్నల్‌కి రాస్తుంటే పేరుని తిరగేయక్కర్లేదు, గురజాడ అప్పారావు అని మామూలుగానే రాయొచ్చు. జోటెరోలో పేరు పక్కన ఉన్న చిన్న బటన్ నొక్కి రెండు గడుల్ని ఒకటి చేస్తే, మీరు రాసిన వరసలోనే అచ్చవుతుంది.

అసలు కష్టం ఎడిషన్ దగ్గర ఉంది. కన్యాశుల్కం 1897లో అచ్చయింది, 1909లో రెండో కూర్పు వచ్చింది. ఆ రెండోది దాదాపు కొత్త నాటకమే అన్నంతగా మారిపోయింది. మనలో చాలామంది దగ్గర ఉండేది ఈ మధ్య వేసిన పునర్ముద్రణ. దాని సంవత్సరం ఒక్కటే రాస్తే, గురజాడ ఆ వాక్యం ఎప్పుడు రాశారో పేపర్ చదివేవాళ్ళకి తెలియదు. ఏపీఏలో అయితే టెక్స్ట్‌లో మొదట 1909 రాసి, ఏటవాలు గీత (స్లాష్) గీసి, మీ చేతిలోని ప్రతి సంవత్సరం రాస్తారు. మిగతా స్టైల్స్‌లో కూడా మూల ప్రచురణ సంవత్సరం చెప్పే వీలుంటుంది, వాడుకోండి.

తెలుగు పుస్తకంలో టైటిల్ పేజీ వెనక వైపు ప్రచురణ, ముద్రణ, ప్రతులకు అని మూడు రకాల పేర్లు కనిపిస్తాయి. పబ్లిషర్ గడిలో ప్రచురణ దగ్గరున్న పేరే రాయాలి. ముద్రణ అంటే ప్రెస్సు. ప్రతులకు అన్న చోట ఉండేవి అమ్మే షాపులు. పేరున్న పుస్తకాల షాపు కనిపించగానే అదే పబ్లిషర్ అనుకుని రాసిన థీసిస్‌లు నేను చాలా చూశాను. ఒకరు చేసిన తప్పు తర్వాతి వాళ్ళు కాపీ చేసుకుంటూ పోతారు. పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి లైబ్రరీలో జత చేసుకోవడం నాకు అలవాటైంది.

టూల్ తెచ్చిన వివరాలు నమ్మొచ్చా

సగం నమ్మండి. ఒక్క క్లిక్‌తో వచ్చిన ఎంట్రీలో టైటిల్ మొత్తం పెద్ద అక్షరాల్లో ఉండొచ్చు, పేజీలు ఉండకపోవచ్చు, అచ్చయిన పేపర్ బదులు ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందు ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి) వివరాలు రావచ్చు. పేపర్ ముందుగా ఆన్‌లైన్‌లో పెట్టిన సంవత్సరం ఒకటి, సంచికలో వచ్చిన సంవత్సరం ఇంకొకటి అయితే రెండోదే తీసుకోండి. టైటిల్స్‌ని మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా ఉండేలా దాచుకోండి. అక్కడి నుంచి ప్రతి మాటకీ పెద్ద అక్షరం పెట్టడం టూల్‌కి చేతనవుతుంది. వెనక్కి రావడం చేతకాదు, ఏది ఊరి పేరో ఏది మామూలు మాటో దానికి తెలియదు. రచయితల గడిలో ఎట్ ఆల్ అని ఎప్పుడూ టైప్ చేయకండి. అదొక మనిషి పేరనుకుని అచ్చు వేస్తుంది. అందరి పేర్లూ ఉంచితే, వాంకూవర్‌లో ఆరుగురి తర్వాత కత్తిరించాలా, ఏపీఏలో 20 దాకా ఉంచాలా అన్నది స్టైల్ చూసుకుంటుంది.

చాట్‌బాట్‌ని అడిగి తెచ్చుకున్న రెఫరెన్సుల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. రచయిత నిజమైన మనిషే, జర్నల్ నిజమైనదే, వాల్యూమ్ నంబరు కూడా నమ్మేలా ఉంటుంది. ఆ పేపర్ మాత్రం ఈ భూమ్మీద ఉండదు. స్టైల్ మాత్రం తప్పులేకుండా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. డీఓఐ కాపీ చేసి డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేయండి. వేరే పేపర్ తెరుచుకున్నా, ఏమీ తెరుచుకోకపోయినా ఆ ఎంట్రీ తీసేయండి. డీఓఐ లేని పాత వాటికి జర్నల్ సైట్‌లో ఆ వాల్యూమ్ తెరిచి, ఆ పేజీ చూడండి. రిట్రాక్ట్ అయిన, అంటే జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్ మీ లైబ్రరీలో ఉంటే జోటెరో హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని పక్కకి నెట్టకుండా, ఆ పేపర్ మీద నిలబడ్డ వాక్యం ఇంకా నిలుస్తుందా లేదా ఆలోచించండి.

లిస్టు పొడుగైతే సిమిలారిటీ శాతం (కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ చూపించే పోలిక శాతం) పెరుగుతుందేమో అని కొందరు రెఫరెన్సులు తగ్గించేస్తారు. ఆ భయం అక్కర్లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం రెఫరెన్సులు, బిబ్లియోగ్రఫీ ఆ లెక్కలోకి రావు. రిపోర్టు తీసేటప్పుడు వాటిని మినహాయించారో లేదో లైబ్రరీలో అడిగి చూసుకోండి.

పంపే రోజు, ఆ తర్వాత

కొన్ని జర్నళ్ళు ఫైల్లో టూల్ కోడ్ ఉండకూడదంటాయి. జోటెరోలో అన్‌లింక్ సైటేషన్స్, ఎండ్‌నోట్‌లో కన్వర్ట్ టు ప్లెయిన్ టెక్స్ట్ అని ఉంటాయి. ఒకసారి నొక్కితే లింకులు పోతాయి, మళ్ళీ రావు. కాబట్టి ముందు ఫైలుకి ఇంకో కాపీ తీసి, ఆ కాపీలో నొక్కండి. రివిజన్ వచ్చినప్పుడు లింకులున్న పాత ఫైల్లోనే పని చేయాలి.

పంపే ముందు ప్రింట్ తీసుకుని ఇద్దరు కూర్చోండి. ఒకరు టెక్స్ట్‌లోని సైటేషన్ చదవాలి, ఇంకొకరు లిస్టులో దాని మీద టిక్ పెట్టాలి. టిక్ పడని ఎంట్రీలు లిస్టులోంచి పోవాలి. అన్నీ కాకపోయినా, మీ వాదన నిలబడ్డ పది పన్నెండు చోట్లయినా అసలు పేపర్ తెరిచి, ఆ మాట అందులో ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించుకోండి. నేను ఇప్పుడు ఆ పేజీ నంబర్లు జోటెరో నోట్స్‌లో రాసి పెట్టుకుంటున్నాను.

యాక్సెప్ట్ అయ్యాక ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూడటానికి పంపే ప్రతి) వస్తుంది. మార్జిన్‌లో ప్రశ్నలుంటాయి: 17వ రెఫరెన్సు టెక్స్ట్‌లో ఎక్కడా లేదు, 31కి పేజీలు ఇవ్వండి, 40లో రచయిత పేరు టెక్స్ట్‌లో ఒకలా లిస్టులో ఒకలా ఉంది అని. జవాబివ్వడానికి రెండు మూడు రోజులకి మించి టైమ్ ఇవ్వరు. ఆ మెయిల్ వచ్చిన రోజున మీ లైబ్రరీ, లింకులున్న ఫైలు, కో-ఆథర్ల ఫోన్ నంబర్లు దగ్గరుంచుకోండి. అడిగిన వాటికి జవాబు రాశాక, అడగని వాటిని కూడా ఒకసారి పై నుంచి కింద దాకా చూడండి. టైప్‌సెట్టింగ్‌లో తెలుగు పేర్లు సర్‌నేమ్, ఇనీషియల్ తారుమారయ్యేది ఎక్కువగా ఈ దశలోనే, మీ పేరుతో సహా.